లైబ్రరీ సింబల్ వాడితే డిజైన్ కాదా?

అత్తమ్మ పడుకుంది, చిన్నోడు హోంవర్కు మీదే నిద్రపోయాడు. నాకు మాత్రం మా ల్యాబ్ వైవాలో జరిగింది ఇంకా మింగుడుపడటం లేదు.

సెకండ్ల కౌంటర్. 59 దాకా పోయి మళ్లీ 00కి రావాలి. దేవరకొండ బస్సుకొచ్చే మా స్టూడెంట్ పిల్ల ఐఎస్ఈ (కంప్యూటర్‌లో సర్క్యూట్ గీసే సాఫ్ట్‌వేర్) స్కీమాటిక్‌లో, అంటే సర్క్యూట్ బొమ్మలో, రెడీమేడ్ సర్క్యూట్లుండే లైబ్రరీ నుంచి రెండు సీడీ4ఆర్ఈలు, అంటే 0 నుంచి 9 దాకా లెక్కపెట్టే కౌంటర్లు, తెచ్చి పెట్టింది. బోర్డు మీది 50 మెగాహెర్ట్జ్ క్లాక్ రెండింటికీ ఒకటే. సెకనుకోసారి వచ్చే పల్స్ ఒకట్ల కౌంటర్ సీఈకి (లెక్కపెట్టమని చెప్పే పిన్ను), దాని సీఈఓ (పక్క కౌంటర్‌ను కదిలించే అవుట్‌పుట్) పదుల కౌంటర్ సీఈకి. పదుల అంకె 5 దాటకుండా, 5లో రెండూ లేచే క్యూ0, క్యూ2 అవుట్‌పుట్‌లను ఒక ఏఎన్‌డీ3 గేటుకు (మూడు ఇన్‌పుట్‌లూ లేస్తేనే లేచేది) తెచ్చి, మూడో ఇన్‌పుట్‌గా ఆ సీఈఓనే కలిపి, సున్నా చేసే ఆర్ పిన్‌కు ఇచ్చింది. ఆ మూడో తీగ చూసి ఎంత సంతోషమైందో! ఆర్ వచ్చిందంటే సీఈతో పనిలేకుండా తర్వాతి క్లాక్‌కే సున్నా అయిపోతుంది. ఆ తీగ లేకుంటే 50 కంటికి కనపడకముందే పదుల అంకె చెరిగిపోయేది.

బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ అటు చూడనే లేదు. "డబ్బాలు తెచ్చి పెట్టినవ్, ఇందులో నీ డిజైన్ ఏదమ్మా?" అని మార్కులు కోసేశారు. పక్క టేబుల్ అబ్బాయి జేకే ఫ్లిప్‌ఫ్లాప్‌లతో (ఒక్కోటి ఒక్కో బిట్ దాచుకునేది) రిపుల్ కౌంటర్ గీశాడు, అంటే ఒకదాని అవుట్‌పుట్టే ఇంకోదానికి క్లాక్; పదుల అంకె 6 రాగానే క్లియర్ కొట్టి సున్నా చేసేది. "ఇదీ డిజైన్ అంటే" అన్నారు. ఒక ఫ్లిప్‌ఫ్లాప్ అవుట్‌పుట్‌ను ఇంకోదానికి క్లాక్‌గా ఇవ్వొద్దని ఏడాదంతా మొత్తుకున్నాం. ఆ 6 ఒక్క క్షణం బయటపడుతుంది, అందులో ఒక ఫ్లిప్‌ఫ్లాప్ ముందు క్లియరై రెండోది మిగిలిపోవచ్చు కూడా. దానికి మెచ్చుకోలు!

మేం చదివేటప్పుడు ఇదే పనికి 7490 అనే కౌంటర్ చిప్పు. ఎవరన్నా హైదరాబాద్ పోతే కోఠి గుజరాతీ గల్లీ నుంచి తెమ్మని చెప్పి పంపేవాళ్లం. దానికి వీసీసీ (సప్లై ఇచ్చే పిన్ను) 14లో కాదు, 5లో. గ్రౌండ్ 10లో. నా పక్క బెంచి అమ్మాయి అలవాటుకొద్దీ 14, 7లకు సప్లై ఇచ్చి, లైట్లు వెలగక మధ్యాహ్నమంతా తీగలు పీకుతూ, గుచ్చుతూ కూర్చుంది. ల్యాబ్ అసిస్టెంట్ సార్ వచ్చి ఒక్కసారి వంగి చూసి "5, 10 బిడ్డా" అని పోయారు. 12వ పిన్నును 1కి కలిపితే పది లెక్కపెడుతుంది. 9, 8లను 2, 3కి తెస్తే ఆరుకే తిరుగుతుంది. ఇప్పుడు అడిగినా చెప్తా. కానీ దాని లోపల ఏముందో మమ్మల్ని ఎవరడిగారు? అదీ డబ్బానే కదా. క్వార్టస్ (ఐఎస్ఈలాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్) లైబ్రరీలో అయితే 7490 అన్న పేరుతోనే సింబల్ ఉంది. చేత్తో గుచ్చితే డిజైన్, మౌస్‌తో పెడితే కాదా?

ఇంత రాశాక ఇంకో సంగతి గుర్తొస్తోంది. మార్కులు వేసే ముందు ఆ ఎగ్జామినర్ "టీసీకి, సీఈఓకి తేడా ఏంది?" అనడిగారు. టీసీ ఆ కౌంటర్‌కే ఉన్న ఇంకో అవుట్‌పుట్. పిల్లకు నోరు పెగల్లేదు. టీసీ 9 ఉన్నంతసేపూ లేచే ఉంటుంది. సీఈఓ అయితే 9తో పాటు సీఈ కూడా ఉంటేనే లేస్తుంది. టీసీని తెచ్చి సీఈకి ఇస్తే ఆ సెకనంతా పదుల అంకె క్లాక్ క్లాక్‌కూ పరుగెత్తేది. సరైన పిన్నే వాడింది, ఎందుకో మాత్రం తెలియదు. ఆయన అడగాల్సిందే అడిగారు. మొత్తం ఆయనదే తప్పని ఇప్పుడు అనలేను.

అయినా ఆ పిల్లకు తెలిసే దారేది? లైబ్రరీలోని ఎఫ్‌డీఆర్ఈ, అంటే సీఈ, ఆర్ పిన్నులున్న ఒక్క ఫ్లిప్‌ఫ్లాప్, ప్రిమిటివ్; అంతకు మించి విప్పడానికి లేదు. సీడీ4ఆర్ఈ మాక్రో, చిన్న భాగాలు కలిపి కట్టింది. స్కీమాటిక్ నుంచి టూల్ తయారుచేసే వెరిలాగ్ (సర్క్యూట్‌ను కోడ్‌గా రాసే భాష) ఫైల్ తెరిస్తే దాని లోపలిదంతా కోడ్‌గా కనపడుతుంది. ఐఎస్ఈ లైబ్రరీస్ గైడ్‌లో ట్రూత్ టేబుల్ (ఏ ఇన్‌పుట్‌కు ఏ అవుట్‌పుట్ వస్తుందో చూపే పట్టిక) ఉంది. మా ల్యాబ్ మాన్యువల్‌లో ఈ రెండింటి ఊసే లేదు.

"వివాడోలో స్కీమాటిక్ గీసుడే లేదంటివి, ఇంకెందుకు లొల్లి?" అంటారు మా ఆయన. నిజమే, ఐఎస్ఈ 2013లో 14.7 వెర్షన్ దగ్గరే ఆగింది, దాని బదులు వచ్చిందే వివాడో. కానీ మా స్పార్టన్-3ఈ బోర్డులకు వివాడో పనికిరాదు. వివాడోకి పోయినా సింథసిస్ (కోడ్‌ను సర్క్యూట్‌గా మార్చడం) అయ్యాక స్కీమాటిక్ తెరిస్తే ఎదురయ్యేది ఆ ఎఫ్‌డీఆర్ఈనే.

రేపటి బ్యాచ్‌కు సీడీ4ఆర్ఈ పేజీ ప్రింట్ తీయించి బెంచికొకటి పెడతా. ముందు నాలుగు ఎఫ్‌డీఆర్ఈలతో పది లెక్కపెట్టే కౌంటర్ ఒక్కసారి గీయిస్తా, ఆ తర్వాతే లైబ్రరీ తెరవమంటా.