ట్రాన్స్‌ఫార్మర్ పక్కన జాగా

ఆదివారం. రాత్రి వాన దంచి కొట్టింది. ఆరుద్ర కార్తె కదా, ఆ మాత్రం కొట్టకపోతే ఎలా! పొద్దున్నే కాఫీ కూడా పూర్తిగా తాగకుండా చేతులకి పాల ప్యాకెట్ కవర్లు కట్టుకుని కిందికి దిగాను. నేల నానినప్పుడే వయ్యారిభామ కలుపు వేళ్లతో సహా వస్తుంది. ఎండలో పీకితే కాడ తెగి, వారంలో మళ్లీ చిగురేస్తుంది. పువ్వు విచ్చకముందే పీకాలి. విచ్చిందంటే ఒక్క మొక్కే వేలకొద్దీ గింజలు రాలుస్తుంది. పైగా ఒంటికి తగిలితే దురద. దిగుమతి గోధుమలతో పాటు ఈ దేశానికి వచ్చిందంటారు, 1950లలో పుణె వైపు మొదట కనిపించిందట. ఇప్పుడు హైదరాబాద్‌లో ఖాళీ స్థలం ఎక్కడుంటే అక్కడ ఇదే యజమాని.

మా జాగా అంటే పెద్దదేమీ కాదు. సందు మూల మీద ట్రాన్స్‌ఫార్మర్‌కీ ప్రహరీకీ మధ్య ఆటో పట్టేంత చోటు. ఎవరో ఇల్లు కట్టుకుంటూ మిగిలిన సిమెంటు పెళ్లలు, టైల్స్ ముక్కలు అక్కడే పోశారు. వాటి మీద కొబ్బరి బోండాలు, డైపర్లు, ఇంకా చెప్పకూడనివి. మున్సిపాలిటీ వాళ్లు ఇలాంటి చోట్ల చెత్త ఎత్తి ముగ్గులు వేయించడం చూస్తూనే ఉన్నాం. మా మూలకీ ఒకసారి వేశారు. ముగ్గు చెరిగేదాకా బాగానే ఉంది. ఆ తర్వాత ఎప్పటిలాగే. అందుకే అక్కడ పూల మొక్కలు పెడదామనుకున్నాం.

మాది గోదావరి జిల్లా. కడియం నర్సరీలు చూస్తూ పెరిగినదాన్ని. కడియపులంకలో రోడ్డుకి రెండు పక్కలా గులాబీ అంట్లు, క్రోటన్లు, లారీలకెక్కుతున్న పెద్ద పెద్ద చెట్లు. అందుకని మొక్క అనగానే కొనడమే నాకు ముందు గుర్తొచ్చేది. ఎదురింటి పెద్దమ్మ ఒప్పుకోలేదు. ఆమెది వరంగల్ వైపు ఊరు. కొడుకు దగ్గర ఉంటారు, మోకాళ్ల నొప్పులు. గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని సందంతా ఏలుతుంటారు. "కొన్నది పెడితే తెల్లారెవరకు మాయమైతది. ఊరికె దొరికిందే పెట్టు, ఎవడు ముట్టడు" అన్నారు. నిజమే. పై సందులో ఎవరో ముచ్చటపడి పెట్టిన క్రోటన్ కుండీలు ఒక్క రాత్రిలో కుండీలతో సహా మాయమయ్యాయి. మనీప్లాంట్ దొంగిలించి తెస్తేనే బాగా పెరుగుతుందని నమ్మే జనం కదా మనం!

అందుకని ఇక్కడ ఏ మొక్కకీ రూపాయి పెట్టలేదు. బిళ్ళగన్నేరు దానంతటదే ప్రహరీ పగుల్లోంచి వచ్చింది, మేకలు ముట్టవు. మందారం, నందివర్ధనం కొమ్మలు రెండో అంతస్తు వదినగారివి. బంతి నారు మా గుమ్మం తోరణానిది. పోయిన దసరాకి ఊరినుంచి తెచ్చిన నాటు బంతిని పండగయ్యాక పారేయకుండా ఎండబెట్టి దాచాను. నలిపితే సూదుల్లాంటి నల్లటి గింజలు, చివర గోధుమరంగు తోక. చంద్రకాంత గింజలు పని చేసే రాజమ్మత్త కొంగున కట్టుకొచ్చింది. కరివేపాకు పిలక అంకుల్ వాళ్ల పెరట్లోది, ఇంకా తవ్వి తేవాలి.

ఇవాళ కలుపు తీస్తుంటే పెద్దమ్మ కుర్చీలోంచే కేకేశారు.

"అవి పీకకు బిడ్డా! గునుగు అది. బతుకమ్మకు అక్కరకొస్తది."

ఎర్రటి కాడతో జానెడు మొక్కలు, గోడ వారంతా. మా వైపు వీటిని ఎవరూ పట్టించుకోరు, కలుపు కింద లెక్క. ఇక్కడ భాద్రపద అమావాస్యకి ఎంగిలిపూల బతుకమ్మ మొదలైందంటే తంగేడుతో పాటు ఇవే కావాలి. తెల్లటి కంకులకి రంగులద్ది మరీ పేరుస్తారు. మార్కెట్లో కట్టలు కట్టి అమ్ముతుంటే బేరమాడి కొంటారు, ఇంటి ముందు మొలిస్తే పీకేస్తారు అని ఆవిడ కోపం. సరే, గోడ వార వదిలేశాను. నడుమెత్తు పెరుగుతుంది కాబట్టి వెనకే ఉండాలి, ముందు బంతి. ట్రాన్స్‌ఫార్మర్ కంచె వైపు మాత్రం ఏదీ పెట్టలేదు. తీగ జాతి అయితే అసలే వద్దు, లైన్‌మాన్ వచ్చి నరికితే ఏడవాల్సింది మనమే.

మధ్యలో ఇస్త్రీ అన్న వచ్చాడు. ఆదివారం ఆయనకి గిరాకీ ఎక్కువ. అయినా బండి పక్కన పెట్టుకున్న పెయింట్ డబ్బాలు చూపించి "మేడమ్, ఇవి అక్కరకొస్తాయా?" అన్నాడు. ఇంకా బొగ్గుల పెట్టే వాడతాడు. ఇనప చువ్వ ఒకటి నిప్పుల్లో కాల్చి డబ్బా అడుగున పెడితే చుయ్‌మని వెన్నలో దిగినట్టు దిగింది. ఒక్కో డబ్బాకి అయిదారు చిల్లులు. కమురు వాసనకి పెద్దమ్మ ముక్కు మూసుకున్నారు. డబ్బాల్లో సగానికి ఎండాకులు, పైన మట్టి, దాని మీద గడ్డిగులాబీ తుంపులు. వేలెడు ముక్క గుచ్చితే చాలు, వేళ్లూ గీళ్లూ అక్కర్లేదు. ఎండాకులకి కొదవ లేదు. రోడ్డు ఊడ్చే అమ్మ ఇదివరకు మూల మీద పోగేసి తగలబెట్టేది, ఇప్పుడు మా గుంటలోకే నెడుతోంది. ఆమెకి పొగ తప్పింది, మాకు ఎరువు.

పిల్లలకి కనకాంబరం పని అప్పగించాను. ఎండిన కంకుల్లోంచి కాయలు తీసి గిన్నెలో నీళ్లు పోసి వేయమన్నాను. కాసేపు ఏమీ లేదు. "ఆంటీ, ఇవి పాడైపోయినయ్" అని ఒకడు లేవబోతుండగా టప్‌మంది! గింజ ఎగిరి వాడి కళ్లద్దాలకి తగిలింది. ఇక ఆగితేనా, టపటపా ఒకదాని వెనక ఒకటి. చిచ్చుబుడ్డి చూసినట్టు అరిచారు. తడి తగిలితే కాయ పగిలి గింజల్ని దూరంగా విసురుతుంది, వానాకాలంలో మొలవడానికి దాని తెలివి అది. గింజలన్నీ ఏరడానికి పిల్లలకి గంట పట్టింది, ఆ గంటా ఎవరి ఇంట్లోనూ ఫోన్ గొడవ లేదు.

నీళ్ల సంగతి చెప్పాలి. కుళాయిలో మంజీరా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, వాటిని మొక్కలకి పోస్తే సందు సందంతా కొట్టడానికి వస్తుంది. బియ్యం, పప్పు కడిగిన నీళ్లు ఎవరింటివి వాళ్లు తెచ్చి పోస్తారు. ఆర్వో ఫిల్టర్ వదిలే నీళ్లలో ఉప్పెక్కువ కాబట్టి బిళ్ళగన్నేరుకీ కాగితం పూలకీ మాత్రమే, అదీ అప్పుడప్పుడు. ఇక వేసవిలో అసలు ఆదుకున్నది వెనకింటాయన ఏసీ. కారు పెట్టే చోటు దగ్గర ఆయనకీ మాకూ పెద్ద గొడవే అయింది, అప్పట్నుంచి మాటల్లేవు. ఏప్రిల్‌లో ఒకరోజు చూస్తే ఏసీ నీళ్ల గొట్టానికి ఇంకో ముక్క అతికించి, ప్రహరీ మీంచి మందారం మొదట్లోకి వదిలారు. గాలికి ఊగకుండా తీగతో కట్టారు కూడా. ఎవరికీ చెప్పలేదు. మా ఆయన పలకరిస్తే తలూపి వెళ్లిపోయారట. ఇప్పటికీ మాటల్లేవు, గొట్టం మాత్రం ఉంది. ఆ మనిషి మీద నాకున్న అభిప్రాయం మార్చుకోవాలా అని ఆలోచిస్తున్నాను. కారు విషయంలో మాత్రం తప్పు ఆయనదే.

చెత్త పూర్తిగా ఆగలేదు. ఇవాళ కూడా ఒక కవరు, ముడేసి మరీ. పూలున్న చోట వేయడానికి చెయ్యి రాదంటారు, అంత నమ్మకం నాకు లేదు. ఇస్త్రీ అన్న చూస్తుంటాడని పగలు వేయరు, అంతే.

సాయంత్రం దీపం పెట్టే వేళకి పక్క సందావిడ ఒకరు వచ్చారు. ఎప్పుడూ మాట్లాడింది లేదు. గడ్డిగులాబీ ముక్క ఇస్తారా అని అడిగారు. రెండు రంగులు తుంచి ఇచ్చాను. "ఎంత ఇమ్మంటారు?" అని పర్సు తీయబోతే పెద్దమ్మ అందుకున్నారు.

"పైసలేంది? మీ ఇంట్ల మల్లె ఉన్నదంట గద. మంచి అంటొకటి కట్టి తెచ్చియ్యి."

ఆవిడ నవ్వి, అంటు వేళ్లు పట్టాక తెస్తానన్నారు. కంచెకి దూరంగా, ప్రహరీ ఈ చివరన పెట్టాలి. పాకడానికి వెదురు కర్ర ఒకటి కావాలి, రేపు ఆఫీసుకి వెళ్తూ ఇస్త్రీ అన్నని అడగాలి.