ఎక్స్‌రే నార్మల్, జీడిబద్ద లోపలే

మా చెల్లి కొడుకు, రెండేళ్ల గుంటడు, మొన్న విశాఖ ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాడు. వాళ్లది పలాస దగ్గర ఊరు. పెద్దవాళ్లు జీడిపప్పు పొట్టు తీస్తుంటే ఒక బద్ద నోట్లో వేసుకుని నవ్వుతూ పరిగెత్తాడట. పొలమారింది, ముఖం నీలమైంది, కాసేపటికి సర్దుకుంది. "ఎవులో తలుసుకుంతన్నారు" అని మా అమ్మ మాడు మీద తట్టింది. అందరూ మర్చిపోయారు.

నాలుగో రోజు నుంచి దగ్గు, రాత్రిళ్లు పిల్లికూతలు, జ్వరం. రెండు కోర్సులు యాంటీబయాటిక్, రోజూ నెబ్యులైజర్. మానితే మళ్లీ మొదలు.

మూడో వారం శ్రీకాకుళంలో ఒక క్లినిక్‌కి నేనూ వెళ్లాను. ఎక్స్‌రే నార్మల్, ఆస్తమా అన్నారు. పదిహేడేళ్లుగా ఎక్స్‌రేలు తీస్తున్నవాణ్ణి, ఊరుకోలేకపోయాను. పప్పు, పిక్క, ప్లాస్టిక్ ముక్క ఫిల్ములో కనబడవు. చూడాల్సింది వాటి వెనక చిక్కుకున్న గాలిని. ఊపిరి పీల్చినప్పుడు శ్వాస గొట్టం విచ్చుకుంటుంది, గాలి పప్పు పక్కనుంచి లోపలికి పోతుంది. వదిలినప్పుడు గొట్టం ముడుచుకుని పప్పును పట్టేస్తుంది, గాలి లోపలే ఉండిపోతుంది. అందుకే పీల్చినప్పుడు తీసిన ఫిల్ము చక్కగా ఉంటుంది. రెండేళ్లవాడు "ఊపిరి వదిలి ఆపు" అంటే ఆపడు కదా. కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి పడుకోబెట్టి తీయాలి. కిందికి వచ్చిన ఊపిరితిత్తి బరువుకి నొక్కుకుని చిన్నదవ్వాలి. అవ్వకుండా నల్లగా ఉబ్బే ఉంటే గాలి చిక్కినట్టే.

ఇదే అడిగాను. "టెక్నీషియన్లు కూడా డాక్టర్లయిపోయారా?" అన్నారు, పదిమంది ముందు. చెల్లి తల దించుకుంది. ఆ మాట ఇంకా మంటగానే ఉంది. పైగా స్టెత్ రెండు వైపులా పోల్చి పెట్టింది లేదు. ఒకవైపు గాలి శబ్దం తగ్గితే అలా పోల్చి వింటేనే తెలుస్తుంది.

విశాఖలో ఈఎన్‌టీ డాక్టర్ మొదట అడిగింది "తింటుండగా పొలమారిందా?" అని. పక్కకి పడుకోబెట్టి ఫిల్ము తీయించారు, కుడివైపు నల్లగా ఉబ్బి ఉంది. అది నార్మల్‌గా వచ్చినా ఈ కథ వింటే బ్రాంకోస్కోపీ (శ్వాస గొట్టంలోకి పరికరం పంపి చూడటం) చేసేవాణ్ణే అన్నారు.

దానికి మత్తివ్వాలంటే పాలు కూడా ఆరు గంటల ముందే ఆపాలి. పూర్తి మత్తిచ్చి, గట్టి గొట్టం లోపలికి పంపి, ఫోర్సెప్స్‌తో (చిన్న పట్టకారు) తీశారు. జీడిబద్ద తడికి నాని మెత్తబడింది కాబట్టి రెండు ముక్కలుగా వచ్చింది. వాపుకి స్టెరాయిడ్, మూడో రోజు డిశ్చార్జి.

పిల్లాడు గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వండి, నోట్లో వేలు పెట్టి వెతకొద్దు, ఉన్నది ఇంకా లోపలికి పోతుంది. దగ్గు రాక, గొంతు పెగలకపోతే, ఏడాది లోపువాణ్ణి తల కిందికి ఉండేలా ముంజేతి మీద బోర్లా వేసి భుజాల మధ్య ఐదు దెబ్బలు, తిప్పి ఛాతీ మీద ఐదు నొక్కులు. నాలుగేళ్లు నిండేదాకా పప్పుల పలుకులు, బద్దలు పొడి కొట్టి పెట్టండి. డాక్టరు అడగకపోయినా పొలమారిన తేదీ చెప్పి చీటీలో రాయించండి.

ఆ క్లినిక్ బిల్లు చూశాను. నెబ్యులైజేషన్ పదకొండుసార్లు.