వెళ్లేటప్పుడు ఉన్న వంతెన

ఓడ పొగగొట్టం వంతెనకు తగిలి తీరుతుందని మా అబ్బాయి నమ్మకం. వాడికి అయిదేళ్లు. పై అంతస్తు డెక్కు మీద జనమంతా మెడలు వెనక్కి వాల్చి, ఫోన్లు పైకెత్తి నిలబడితే, వాడు రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని మా నాన్న కాళ్ల మధ్య దూరాడు.

2024 మార్చి 24, ఆదివారం సాయంత్రం. అమెరికాలో బాల్టిమోర్‌లోని సౌత్ లోకస్ట్ పాయింట్ రేవు వదిలి ఎంతో సేపు కాలేదు. పటాప్‌స్కో నదిలో కొంత దూరం వెళ్లాక ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెన కింద నుంచి దాటాలి. నీటి మీద 185 అడుగుల ఎత్తు అని చెబితే ఆకాశంలో ఉన్నట్టు అనిపిస్తుంది కానీ, పన్నెండంతస్తుల ఓడ పైకప్పు మీద నిలబడి చూస్తే చేతికి అందేలా ఉంటుంది. ఇనుప దూలాల అడుగున రంగు పెచ్చులూడిన చోట్లు, వరసగా బోల్టులు కనిపించాయి. నెత్తి మీద ఒక లారీ దడదడమని వెళ్లింది. పొగగొట్టం క్షేమంగా దాటగానే జనం చప్పట్లు కొట్టారు. మావాడు బయటికొచ్చి అందరికంటే ఆలస్యంగా, అందరికంటే గట్టిగా కొట్టాడు.

నాన్న పైకి చూడలేదు. కమ్మీ పట్టుకుని కిందికి వంగి, వంతెన కాళ్లు నీళ్లలో దిగే చోటు చూస్తున్నారు. "ఇంత వంతెనకు ఈ చిన్న దిమ్మలేనా కాపలా?" అన్నారు. తరువాత జరిగినది తెలిశాక నేనే ఈ మాట కల్పించుకున్నానేమోనని నాకే అనుమానం వచ్చింది. ఫోనులో వీడియో తిరగేసి చూశాను. గాలి హోరులో "దిమ్మలేనా" అన్న ముక్క ఒక్కటే వినిపిస్తోంది. అది చాలు.

ఆయన విశాఖపట్నం రేవులో ముప్ఫయ్యేళ్లకు పైగా టగ్గుల మీద, అంటే పెద్ద ఓడలను లాగే చిన్న ఓడల మీద, పనిచేసి సరంగుగా రిటైరయ్యారు. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి లోపలి హార్బరుకు వెళ్లే సన్నటి కాలువలోకి పెద్ద ఓడలను తీసుకురావడం ఆయన బతుకంతా చేసిన పని. అంతకాలం ఓడల చుట్టూ తిరిగి కూడా ప్రయాణికుడిగా ఓడ ఎక్కింది ఇదే మొదటిసారి. మేరీలాండ్‌లోని మా ఇంటికి అమ్మా ఆయనా వచ్చిన మూడో వారంలో, పిల్లల సెలవులు చూసుకుని మావారు వారం రోజుల బహామాస్ యాత్రకు టికెట్లు కొన్నారు. ఇంటికి అరగంట దూరంలో ఓడ ఎక్కడం, అక్కడే దిగడం, విమానం బాధ లేకపోవడం: పెద్దవాళ్లతో ప్రయాణానికి ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాం. అమ్మ కందిపొడి పొట్లాన్ని మందుల డబ్బాలో దాచి తెచ్చింది.

ఆ రాత్రి చెసపీక్ అఖాతం పొడవునా దిగి, తెల్లారేసరికి సముద్రంలో ఉన్నాం. 25 హోలీ. ఓడలో దాని ఊసే లేదు. అమ్మకు కొంచెం తల తిరిగింది, అంతే.

26న పొద్దున్నే ఫోను తెరిచాను. ఓడలో ఇంటర్నెట్టు ఖరీదు చూసి ఒక్క ఫోనుకే కొన్నాం. అది పట్టుకోగానే టపటపా మెసేజీలు. అన్నీ విశాఖ నుంచి చెల్లెలు పంపినవే. మొదటిది "అక్కా, ఎక్కడున్నారు?" తరువాత "నాన్న ఎక్కిన ఓడేనా?" ఆ తరువాత వరసగా ప్రశ్నార్థకాలు. చివరిది గొంతు మెసేజి, ఏడుపు తప్ప మాటల్లేవు.

మేం నిద్రలో ఉన్న అర్ధరాత్రి ఒకటిన్నరకు రెండు నిమిషాల ముందు, అంటే విశాఖలో ఉదయం పదకొండు కావస్తుండగా, కీ వంతెన కూలింది. బాల్టిమోర్‌లో ఓడ వంతెనను గుద్దిందని తెలుగు చానళ్లలో స్క్రోలింగ్. మేం బాల్టిమోర్‌లో ఓడ ఎక్కామని బంధువులందరికీ తెలుసు. ఫోటోలు పంపింది మేమే. ఏ ఓడ, ఎటు పోయే ఓడ అన్నది ఎవరికి పట్టింది? మా పెద్దత్త అప్పటికే సింహాద్రి అప్పన్నకు మొక్కేసుకుంది. "మేమంతా బాగున్నాం, ఆ వంతెన దాటి ముప్ఫై గంటలు దాటింది" అని రాస్తుంటే నా వేళ్లు సరిగా ఆడలేదు.

కేబిన్లోని టీవీలో ఆ దృశ్యమే తిరిగి తిరిగి చూపిస్తున్నారు. వంతెన పడటం అందరూ చూశారు. నాన్న అంతకుముందు భాగం చూడమన్నారు. "అదిగో, దీపాలు ఆరాయి. వచ్చాయి. మళ్లీ ఆరాయి. కరెంటు పోయింది అమ్మాయ్. కరెంటు లేకపోతే చుక్కాని తిరగదు. ఇంక అది ఓడ కాదు, కొట్టుకుపోయే కొండ." ఆ ఓడ పేరు డాలి, సింగపూర్ జెండాది, 984 అడుగుల పొడవు, వేల కంటైనర్లతో శ్రీలంకలోని కొలంబోకు బయల్దేరింది. దీపాలు మొదటిసారి ఆరడానికీ వంతెనను గుద్దడానికీ మధ్య నాలుగు నిమిషాలు. ఓడకు దారి చూపే రేవు పైలట్ లంగరు దింపించాడు, టగ్గులు కావాలన్నాడు, రేడియోలో ప్రమాద సంకేతం ఇచ్చాడు. రేవులోంచి బయటికి తెచ్చిన రెండు టగ్గులు అప్పటికే తిరిగి వెళ్లిపోయాయి. అది అక్కడి మామూలు పద్ధతేనట. నాన్నకు మాత్రం అది మింగుడు పడలేదు. "వంతెన దాటించి వదలాలి కదా" అని ఆ వారమంతా ఎన్నిసార్లు అన్నారో.

కరెంటు ఎందుకు పోయిందన్నది ఆ రోజు ఆయన కూడా చెప్పలేదు. అమెరికా రవాణా భద్రతా సంస్థ 2025 నవంబరులో తేల్చింది: ఓడ విద్యుత్తు పలకలో ఒక తీగ. దానికి తొడిగిన పేరు పట్టీ కొసకు మరీ దగ్గరగా ఉండటంతో తీగ బిగింపులో పూర్తిగా దిగలేదు, కాలక్రమంలో వదులైంది. పేరు పట్టీ!

ప్రమాద సంకేతం విన్న పోలీసులు రెండు వైపులా వాహనాలు ఆపేశారు. అందుకే ఆ సమయంలో వంతెన మీద కార్లు లేవు. ఉన్నది రోడ్డు గుంతలు పూడ్చే కూలీలు ఏడుగురు, వాళ్ల పని చూసే ఇన్‌స్పెక్టరు ఒకరు. వాళ్లకు చెప్పే వ్యవధి లేకపోయింది. ఇద్దరు బతికారు, ఆరుగురు పోయారు. మెక్సికో, గ్వాటెమాలా, హోండురస్, ఎల్ సాల్వడార్ నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లు. మేం కింద నుంచి చప్పట్లు కొట్టిన రోడ్డు మీద, రెండో రాత్రి.

మధ్యాహ్నానికి కెప్టెన్ మైకులో చెప్పాడు: బాల్టిమోర్ రేవు మూసేశారు, మనం వర్జీనియాలోని నార్‌ఫోక్‌లో దిగుతాం, అక్కడి నుంచి బస్సుల్లో బాల్టిమోర్ చేరుస్తారు. భోజనాల హాలులో ఒక్కసారిగా గోల. కారు రేవు పార్కింగులో ఉంది ఎలా అని ఒకరు, సోమవారం ఆఫీసు అని ఇంకొకరు. పక్క బల్ల దగ్గర బాల్టిమోర్ ఆయన ఒకరు ఏమీ తినకుండా కూర్చున్నారు. తమ్ముడు రేవులో కార్లు దింపే పని చేస్తాడట. కార్ల విషయంలో అప్పటికి బాల్టిమోర్ ఆ దేశంలోనే మొదటి రేవు. 2023లో దాదాపు 8,47,000 కార్లు, చిన్న ట్రక్కులు దాని గుండా పోయాయి. "ఓడ రాకపోతే వాడికి కూలి లేదు" అన్నారాయన. మా ఆఫీసు బెంగ ఆయన ముందు మాట్లాడుకోవడానికి మాకు నోరు రాలేదు.

ఆ రేవు నుంచి వెళ్లే బొగ్గును ఎక్కువగా కొనే దేశాల్లో మనదీ ఒకటి. ఇక్కడి బొగ్గు మన ఇటుక బట్టీల్లో కాలుతుందని మావారు చెబితే అమ్మ నమ్మలేదు. "మనకు సింగరేణి లేదా?" అంది.

మా బల్లకు వడ్డించే గోవా అబ్బాయి ఆ రోజు నవ్వలేదు. డాలి మీద ఉన్న 21 మంది సిబ్బందిలో 20 మంది భారతీయులని అతనే ముందు చెప్పాడు. నాన్న తన పోర్టు హిందీలో అడిగారు: "వాళ్లను దించారా?" దించలేదు. వంతెన ఇనుమంతా ముక్కు మీద మోసుకుంటూ ఓడ అక్కడే ఇరుక్కుపోయింది, వాళ్లు అందులోనే ఉన్నారు. "తప్పు ఎవరిదైనా ముందు బోనులో నిలబడేది డెక్కు మీద వాడే" అన్నారు నాన్న. అబ్బాయి తలూపి, అడక్కుండానే ఆయన పళ్లెంలో ఇంకో రొట్టె పెట్టాడు.

నసావులో దిగాం. క్వీన్స్ స్టెయిర్‌కేస్ అనే రాతి మెట్ల దారి ఎక్కాం, పిల్లలు ఇసుకలో ఆడారు, నీళ్లు నిజంగానే నెమలిపింఛం రంగులో ఉన్నాయి. ఇంతకుమించి రాయాలని లేదు. ఆ ఫోటోలు ఇప్పటికీ ఎవరికీ పంపలేదు.

మార్చి 31, ఈస్టర్ ఆదివారం, తెల్లవారుజామున నాన్న నన్ను లేపి డెక్కు మీదికి తీసుకెళ్లారు. అఖాతం ముఖద్వారం. ఎదురుగా ఆ ముఖద్వారానికి అడ్డంగా కట్టిన వంతెన, 17 మైళ్లకు పైగా పొడవు. సముద్రం మీద దీపాల తోరణంలా వచ్చి వచ్చి, మా ఓడ వెళ్లే చోటికి రాగానే హఠాత్తుగా మాయమైంది! అవతల మళ్లీ మొదలైంది. నడుమ రోడ్డు నీటి అడుగున సొరంగంలోకి దిగిపోతుంది. 1964లో దాన్ని కట్టినప్పుడు, పైన వంతెన ఉంటే, అది కూలితే నార్‌ఫోక్‌లోని యుద్ధనౌకలన్నీ లోపల చిక్కుకుపోతాయని నౌకాదళం భయపడింది. అందుకే ఓడల దారి మేరకు సొరంగాలు తవ్వారు. నేను ఫోనులో చదివి చెబుతుంటే నాన్న మౌనంగా విన్నారు. కాస్త ముందుకు వెళ్తే ఇంకో వంతెన, అదీ అంతే, ఓడ రాగానే నీళ్లలోకి. విమానవాహక నౌకల పక్కనుంచి, ఎలిజబెత్ నది మీదుగా, విస్కాన్సిన్ అనే పాత యుద్ధనౌక సరసన ఓడ ఆగేవరకు మా తల మీదికి ఒక్క వంతెనా రాలేదు. "చూశావా" అన్నారు నాన్న, రెండు మూడు సార్లు, ఎవరితోనో వాదన గెలిచినట్టు.

నార్‌ఫోక్‌లో బస్సులు బారులు తీరి ఉన్నాయి. పెట్టెల కోసం ఒకటే తొక్కిసలాట, కానీ ఎవరూ ఎవరినీ కసరలేదు. బాల్టిమోర్‌కు 240 మైళ్లు. పండగ రద్దీలో ఆరు గంటలు పట్టింది. బస్సులో అమ్మ కందిపొడి బయటికి తీసింది. ఓడలో దాచుకున్న బ్రెడ్డు ముక్కల మీద చల్లి పంచింది. ముందు సీటు ఆవిడ అడిగి మరీ పెట్టించుకుని, కళ్లలో నీళ్లు తిరిగినా బాగుందంది. ఊరు దగ్గరపడ్డాక ట్యాంకర్ల వరస మొదలైంది. ప్రమాదకరమైన సరుకు మోసే లారీలను నగరంలోని రెండు సొరంగాల్లోకీ రానివ్వరు. వాటి దారి కీ వంతెనే. అది పోయింది కాబట్టి ఊరంతా చుట్టి రావాలి.

పార్కింగులో మా కారు మీద పసుపు పచ్చగా పుప్పొడి పేరుకుని ఉంది. మా అమ్మాయి దాని మీద వేలితో వంతెన బొమ్మ వేసింది.

తరువాతి శనివారం నాన్న పోరు పడలేక ఫోర్ట్ మెక్‌హెన్రీకి తీసుకెళ్లాను. 1814లో ఆంగ్లేయుల ఓడలు గుళ్లు కురిపించిన కోట అది. ఆ రాత్రి చూసి అమెరికా జాతీయగీతం రాసిన మనిషి పేరే వంతెనకు పెట్టారు. కోట ఒడ్డున జనం ఎవరితోనూ మాట్లాడకుండా నిలబడి ఉన్నారు. దూరంగా నీటిలోంచి విరిగిన ఇనుము, పక్కన పెద్ద క్రేన్లు, మధ్యలో డాలి. పక్కనున్నాయన దుర్భిణీ ఇచ్చాడు. నాన్న చాలాసేపు చూశారు. వంతెనను కాదు, ఓడ వెనక భాగాన్ని. "ఎవరో డెక్కు మీద తిరుగుతున్నారు" అన్నారు. అంత దూరం నుంచి మనిషి కనబడతాడా? నేను తీసుకుని చూస్తే నాకేమీ కనబడలేదు.

మే మొదట్లో వాళ్లు విశాఖ వెళ్లిపోయారు. అదే నెల 20న డాలిని నీటి మీద తేల్చి రేవుకు తెచ్చారు. జూన్ 10కి కాలువ పూర్తి వెడల్పున తెరుచుకుంది. ప్రయాణికుల ఓడలైతే మే ఆఖరు వారం నుంచే తిరుగుతున్నాయి. అయినా ఫోను చేసినప్పుడల్లా నాన్న మొదటి ప్రశ్న పిల్లల గురించి కాదు. "ఆ కుర్రాళ్లను ఇంటికి పంపారా?" జూన్‌లో కొందరికి అనుమతి వచ్చింది, అందరికీ కాదు. ఆ నెల 24న డాలి మరమ్మతుల కోసం నార్‌ఫోక్ బయల్దేరింది. నేను చెప్పేలోపే ఆయన ఫోను చేశారు.

"అమ్మాయ్, ఈసారి పక్కన టగ్గులు పెట్టి పంపారు, చూశావా?"