హాఫ్ డాలర్లలో వెండి: ముందు అంచు చూడండి, తర్వాతే ఏడాది

అమెరికా బ్యాంకులో హాఫ్ డాలర్ రోల్ (కాగితంలో చుట్టిన కట్ట) అంటే 20 నాణేలు, పది డాలర్లు. పెట్టె తీసుకుంటే 50 రోల్స్, వెయ్యి నాణేలు. వాటిలో వెండివి వెతకడానికి ఒక్కోదాని ఏడాదీ చదువుతూ కూర్చుంటే కళ్లు లాగేస్తాయి. కాగితం విప్పి, వరస చెదరకుండా పక్కనుంచి చూడండి. 1971 నుంచి వచ్చిన మామూలు నాణేల అంచున రాగి చార ఎర్రగా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 1964, అంతకు ముందువి 90 శాతం వెండి, అంచంతా తెలుపే.

చిక్కంతా 1965–70 కెనెడీలతోనే, అంటే కెనెడీ బొమ్మ ఉన్న హాఫ్ డాలర్లతోనే. వెండి 40 శాతమే, లోపలి పొరలో దాదాపు 79 శాతం రాగి. అందుకే అంచున లేత గోధుమరంగు చార ఉండొచ్చు. తొందరపడేవాళ్లు వీటినే బ్యాంకుకు తిప్పి పంపేస్తారు. చార వెలిసినట్టుంటే ఏడాది చదవాల్సిందే. 1970ది దొరికితే అదృష్టమే, దాన్ని కలెక్టర్ల సెట్లకోసమే ముద్రించారు.

తూకాలు: 90 శాతం వెండిది 12.50, 40 శాతంది 11.50, వెండి లేనిది 11.34 గ్రాములు. చివరి రెంటినీ వంటింటి కాటా విడదీయలేదు, 0.01 గ్రాము చూపేది కావాలి. అరిగిన నాణెం ఇంకాస్త తేలుతుంది కాబట్టి తూకాన్ని గుడ్డిగా నమ్మొద్దు. అయస్కాంతం ఎందుకూ పనికిరాదు, వీటిలో ఏదీ అంటుకోదు.

1776–1976 అని రెండేళ్లు ఉండి, మెడకింద 'ఎస్' (శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాల గుర్తు) కనిపిస్తే ఆగండి. అందులో 40 శాతం వెండివీ ఉన్నాయి, వెండి లేనివీ ఉన్నాయి. అంచే తేలుస్తుంది. 1992 నుంచి వచ్చిన ప్రూఫ్ సెట్లలోనూ (కలెక్టర్లకోసం ప్రత్యేకంగా ముద్రించినవి) వెండివి ఉన్నాయి, కొత్త ఏడాదని తెల్ల అంచును వదిలేయకండి.

దొరికినదాన్ని చింతపండుతో తోమొద్దు, కలెక్టర్ల దగ్గర ధర పడిపోతుంది.