రెండు వరంగల్‌లు
మొన్న ఊళ్లవారీ రిపోర్టు తీస్తే వరంగల్ రెండుసార్లు వచ్చింది. అర్బన్, రూరల్ జిల్లాల పాత గొడవేమో అనుకున్నా (2021లో పేర్లు మారాయిగా). కానీ ఇది ఊరి పేరు కాలమ్. కళ్లద్దాలు తుడుచుకుని చూసినా ఒక్క అక్షరం తేడా లేదు. ముందూ వెనకా ఖాళీలు తీసేసే ట్రిమ్ వేశాను, ఊహూ.

చివరికి మా డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌లో లెంగ్త్ (గుర్తుల సంఖ్య, సున్నా, పొల్లు కూడా విడిగా లెక్కే) అడిగితే ఒకదానికి 6, ఇంకోదానికి 7. బైట్లలో 18, 21. దొంగ దొరికాడు! చివరి పొల్లు వెనక నక్కిన జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కంటికి కనిపించని గుర్తు, అక్షరాలకు నంబర్లిచ్చే యూనికోడ్‌లో 200సి. పొల్లు తర్వాతి హల్లు ఒత్తుగా మారకుండా ఆపేది ఇదే. ఎవరో ఎక్కడినుంచో కాపీ చేసి అతికించినట్టున్నారు.

ఆ ఊపులో కాలమ్ మొత్తంలో దాన్ని పీకేశాను. రామ్‌నగర్ కాస్తా రామ్నగర్ అయి కూర్చుంది! బ్యాకప్ ఉండబట్టి బతికిపోయాను. రెండోసారి మాట చివర ఉన్నవాటినే, నమూనాను బట్టి వెతికే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో తీశాను. దారిలో, చూడ్డానికి మామూలు ఖాళీలాగే ఉండి అక్కడ లైన్ విరగనివ్వని నాన్ బ్రేకింగ్ స్పేస్‌లు కూడా తగిలాయి. వాటిని మామూలు స్పేస్‌లుగా మార్చేస్తే సరిపోయింది.

సాయంత్రం మళ్లీ రిపోర్టు తీశా. వరంగల్ ఒక్కటే ఉంది. ఇక కరీంనగర్ సంగతి చూడాలి, అది మూడుసార్లు కనిపిస్తోంది.