రక్తపరీక్ష నెగెటివ్ వచ్చింది, అయినా కొలనోస్కోపీకి వెళ్లాను

అక్కకి పెద్దపేగు క్యాన్సర్ అని తేలినప్పుడు ఆవిడకి 52, నాకు 47. ఆపరేషనయిన మర్నాడే నా చెయ్యి పట్టుకుని "నువ్వూ చూపించుకోరా" అంది. సరేనన్నాను గానీ, మలద్వారం గుండా కెమెరా ఉన్న గొట్టం పంపి పెద్దపేగు లోపల చూసే కొలనోస్కోపీ అంటే నాకు భయం, సిగ్గు కూడా. రక్తంలోని డీఎన్ఏ చూసి పేగు క్యాన్సర్‌ని పసిగట్టే పరీక్ష ఉందని విని అది చేయించుకున్నాను. నెగెటివ్. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

ఆ రిపోర్టు అక్క డాక్టరుగారికి చూపించాను. ఆవిడ రెండుసార్లు చదివి, "ఇంట్లో ఎవరికైనా ఉందా అని వాళ్లు అడిగారా?" అన్నారు. ఎవరూ అడగలేదు. చెప్పాలని నాకూ తోచలేదు. ఇలాంటి పరీక్షలు మామూలు ముప్పు ఉన్నవాళ్లకట. తల్లిదండ్రులకో తోబుట్టువులకో వచ్చినవాళ్లు 40 ఏళ్లకే కొలనోస్కోపీ మొదలుపెట్టాలట. అంటే నేను ఏడేళ్లు ఆలస్యం.

రిపోర్టు వెనక్కి తిప్పి బొమ్మ గీశారు. కణితిలోని కణాలు చచ్చిపోతూ డీఎన్ఏ ముక్కల్ని రక్తంలోకి వదులుతాయి. ఆ ముక్కల మీద అంటుకుని ఉండే చిన్న రసాయన గుర్తులు, అంటే మిథైల్ గుర్తులు, ఆరోగ్యంగా ఉన్న కణాల్లోలా ఉండవు. సెప్టిన్9 జన్యువు మీది గుర్తును వెతికే పరీక్షకు అమెరికాలో 2016లో అనుమతి వచ్చింది, షీల్డ్ అనే పరీక్షకు 2024లో. షీల్డ్ అధ్యయనంలో క్యాన్సర్ ఉన్న ప్రతి 100 మందిలో 83 మంది దొరికారు. క్యాన్సర్‌గా మారే అవకాశం ఎక్కువున్న పాలిప్‌లు (పేగు లోపలి గోడ మీద పెరిగే బుడిపెలు) ఉన్నవాళ్లు మాత్రం 100కి 13 మందే. పాలిప్ ఇంకా పేగు లోపలి పొరలోనే ఉంటుంది, రక్తంలోకి అది వదిలేది చాలా తక్కువ. ఆ 13 దగ్గర నా గుండె జారింది.

"పరీక్ష చెడ్డదని కాదు," అన్నారావిడ. "ఏ పరీక్షకీ రానివాళ్లు ఇదైనా చేయించుకుంటే ఎంతో మేలు. పాజిటివ్ వస్తే ఎలాగూ కొలనోస్కోపీ తప్పదు. మీకు మాత్రం ఇది సరిపోదు."

కొలనోస్కోపీకి ఒప్పుకున్నాను. ముందురోజు సాయంత్రం నుంచి విరేచనాల మందు. పదిహేను నిమిషాలకో గ్లాసు, ఉప్పగా, జిడ్డుగా. నాలుగో గ్లాసుకి వాంతి వచ్చినంత పనైంది. అక్క ఫోన్‌లో నాతోపాటు లెక్కపెట్టింది. తెల్లవారేసరికి నీళ్లలా, లేత పసుపు రంగులో పోతోంది. అలా వస్తేనే పేగు శుభ్రపడినట్టట. నిజం చెప్తున్నాను, మొత్తం మీద కష్టమైంది ఈ రాత్రే. పరీక్ష అరగంట.

మత్తు కొద్దిగానే ఇచ్చారు కాబట్టి తెర కనిపించింది. గులాబీ రంగు గోడలు, వాటి మీద సన్నటి రక్తనాళాలు. ఒక మలుపులో కాడ ఉన్న ఎర్రటి బుడిపె. 12 మిల్లీమీటర్లు. సన్నని తీగ ఉచ్చు దాని మెడకు బిగిసింది, కాస్త తెల్లబడింది, తెగింది. నాకు నొప్పి తెలియలేదు. కళ్లలో నీళ్లు మాత్రం తిరిగాయి.

బయాప్సీలో అడెనోమా అన్నారు, వదిలేస్తే క్యాన్సర్‌గా మారగల రకం పాలిప్. క్యాన్సర్ లేదు. మూడేళ్లకి మళ్లీ రమ్మన్నారు.

ఇంటికి రాగానే అన్నయ్యకి ఫోన్ చేశాను. ఆయనకి 55, ఇంతవరకు ఏ పరీక్షా చేయించుకోలేదు. అంతా విని, "నువ్వు మొదట చేయించుకున్న ఆ రక్తపరీక్ష నాకు చాలదేంట్రా?" అన్నాడు.

"చాలదన్నయ్యా. నేను తోడొస్తాను, ఏ రోజు కుదురుతుందో చెప్పు" అన్నాను. గురువారం అన్నాడు.