జమానతు సంతకం

మే 26, మంగళవారం

నిన్ననే రోహిణి కార్తె పడింది. రోళ్లు పగిలే ఎండలు కొట్టాల్సిన రోజుల్లో రాత్రి గాలిదుమారం లేచింది. పదింటికి కరెంటు పోయింది. కాసేపటికి వంటింటి మీద పెంకలు జారిన చప్పుడు. పిల్లి అనుకున్నాను. టార్చి కొట్టి చూస్తే కప్పులోంచి ఆకాశం కనబడుతోంది. వాన మొదలయ్యేసరికి కుట్టు మిషన్ మీద గోనెసంచి వేశాం, దాని మీద గంజు మూత పెట్టాం, ఆ పైన మా అత్తమ్మ గొడుగు. మనుషులం మాత్రం తడిశాం. మిషన్ కన్నా నాకు దడ పుట్టించింది యూనిఫాం బట్ట. బడి పిల్లల యూనిఫాంలు కుట్టే పని ఈసారీ మా మహిళా సంఘాలకే ఇచ్చారు. నా వంతు తాన్లు మంచం మీద ఉన్నాయి. అవి తడిస్తే ఎవరికి ఏం సమాధానం చెప్పాలి?

పొద్దున లెక్కపెడితే ముప్పై ఎనిమిది పెంకలు పోయాయి. మా చుట్టుపక్కల గూనపెంకలు కొత్తవి దొరికే రోజులు ఎప్పుడో పోయాయి, పాత ఇల్లు ఎవరైనా కూల్చితే వాళ్లనే అడిగి తెచ్చుకోవాలి. పైగా వాసాలకు చెదలు. "ఇగ ఈ ఏడు రేకులు వేసుడే" అన్నాడు మా ఆయన పళ్లు తోముకుంటూ, చాయ్‌లో చక్కెర తక్కువైంది అన్నంత తేలిగ్గా. హుజూరాబాద్ వెల్డింగ్ షాపాయన నెల కిందే లెక్క రాసిచ్చాడు. పైపులు, రేకులు, కూలీ అన్నీ కలిపి 65 వేలు. మిరుగానికి, అదే మృగశిర కార్తెకు, రెండు వారాలు కూడా లేదు.

వడ్లు కాంటా అయి వారమైంది. పైసలు ఇవాళో రేపో ఖాతాలో పడతాయి. పడతాయి గానీ అవి మావి కావు. కోత మిషన్ వాళ్లకు, ఎరువుల దుకాణానికి పోగా మిగిలింది సొసైటీలో పంట రుణానికి పోవాలి. ఆ రుణం గడువులోపు కడితే నాలుగు శాతమే, దాటితే మిత్తి పెరుగుతుంది. నా గొలుసు పోయిన నాట్ల నాడే బ్యాంకులో కుదువకు పోయింది. ఇక మెడలో పుస్తెలతాడు ఉంది, దాని మాట ఎత్తితే అత్తమ్మ అన్నం మానేస్తుంది.

కాబట్టి 65 వేలు ఎవరిస్తారో చూడటమే ఇవాళ్టి పని.

మొదట మా మహిళా సంఘం. సంఘం పేరు మీద బ్యాంకు ఇచ్చే లింకేజీ అప్పులో పోయినేడు తలా ఇంత తీసుకున్నాం, ఇంకా పద్నాలుగు కిస్తీలున్నాయి. అది తీరకుండా కొత్తది రాదని నాకూ తెలుసు, అయినా ఊరి సంఘాల లెక్కలు రాసే వీఓఏ చెల్లె ఇంటికి పోయాను. ఆమె రిజిస్టరు తిరగేసి, గొంతు తగ్గించి, "పశువుల కోటాలో ఒకటుంది అక్కా. బర్రె పేరు మీద రాద్దామా? ఫొటోకు మా చిన్నాయన బర్రె ఉంది" అంది. నవ్వాపుకోలేకపోయాను. ఆ బర్రె ఇప్పటికి ఎన్ని ఇళ్లల్లో పాలిస్తోందో! వద్దన్నాను. నీతికి పోయి కాదు. తనిఖీకి వచ్చిన రోజు పక్కింటి బర్రెను తాడు పట్టుకుని నిలబడటం, అది నన్ను చూసి బెదిరిపోవడం... నావల్ల కాదు.

తిరిగొస్తుంటే వేపచెట్టు కింద మంగళవారం మీటింగు. ఒక ఫైనాన్స్ కంపెనీ వసూలు పిల్లగాడు బండికి బ్యాగు తగిలించి కూర్చున్నాడు, చుట్టూ ఎనిమిది మంది ఆడవాళ్లు. నన్ను చూడగానే, "50 వేలు ఇప్పిస్త మేడం, మీ ఇద్దరి ఆధార్లు చాలు" అన్నాడు. మిత్తి ఏడాదికి 25 శాతం అట, ప్రాసెసింగ్ ఖర్చు, ఇన్సూరెన్సు ముందే పట్టుకుంటారట. "నెలకు ఆమ్దనీ ఎంతుంటది?" అని అడిగాడు. అడగాల్సిందేలే. ఇంటి ఆదాయం ఏడాదికి మూడు లక్షలు దాటొద్దు, కిస్తీలన్నీ కలిపి నెల ఆదాయంలో సగం మించొద్దు అని రిజర్వు బ్యాంకు 2022లో నియమం పెట్టింది. కానీ నా ఆదాయం నాకే తెలిస్తే కదా. పెళ్లిళ్లప్పుడు జాకెట్లు కుప్పలు, ఆషాఢంలో ఫాల్స్ కుట్టించుకునేవాళ్లు కూడా ఉండరు. నేను వేళ్ల మీద లెక్కేస్తూనే ఉన్నాను, ఆయన ఏదో అంకె కొట్టేశాడు.

ఆ అరుగు మీద నేను కూర్చోలేదు. మా అమ్మ గుర్తొచ్చింది. 2010లో ఇట్లాంటి కంపెనీ దగ్గరే అప్పు తీసుకున్న అమ్మ వాళ్ల గ్రూపులో ఒకామె కిస్తీ ఎగ్గొట్టి పుట్టింటికి పోయింది. వసూలు మనిషి రాత్రి ఎనిమిదింటిదాకా మా గడపలో కూర్చున్నాడు. గ్రూపు ఆడవాళ్లే, నిన్నటిదాకా కలిసి బతుకమ్మ ఆడినవాళ్లే, పోయి ఆమె ఇంట్లో గ్యాస్ స్టవ్ ఎత్తుకొచ్చారు. ఆ అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఈ కంపెనీలను కట్టడి చేస్తూ ఆర్డినెన్సు తెచ్చింది, వారంలో వసూలు బండ్లు మా ఊళ్లో మాయం. అందరూ పండగ చేసుకున్నారు. అమ్మ మాత్రం, "మరి రేపు అవసరం పడితే నాకెవడిస్తడు?" అంది. ఆ మాటకు అప్పుడు కోపమొచ్చింది. తర్వాత ఆమె రెండు రూపాయల మిత్తికే పోయింది మరి. రిజర్వు బ్యాంకు కింద నడిచే కంపెనీలకు ఆ చట్టం వర్తించదని 2023లో మన హైకోర్టు చెప్పింది. బండ్లు మళ్లీ వచ్చాయి, వేపచెట్టు అదే.

మా ఆయనకు మాత్రం మొదట్నుంచీ ఒకటే దారి, రెండు రూపాయల మిత్తి. ఊళ్లో ఇచ్చే మనిషి ఉన్నాడు. పొద్దున అడిగితే సాయంత్రానికి చేతిలో పెడతాడు. ప్రోనోటు మీద రెవెన్యూ స్టాంపు అంటిస్తాడు, దాని మీద సంతకం, అంతే. మూడేళ్లు నిండబోతుంటే అసలూ మిత్తీ కలిపి కొత్త నోటు రాయించుకుంటాడు. 65 వేలకు నెలకు 1,300. ఇరవై ఆరు నెలలు కడితే 33,800 మిత్తికే పోతుంది, అసలు 65 వేలు అక్కడే కూర్చుని మన ముఖం చూస్తుంటుంది. ఈ లెక్క ఆయనకు రాక కాదు. "ఎవల్నీ బతిమిలాడేది లేదు గదా" అంటాడు. మగవాళ్లకు ఇది ఉంది. నెలకు పదమూడు వందలు పోయినా సరే, ఇంకొకరి గుమ్మంలో నిలబడి సంతకం అడగడం చేతకాదు.

సంతకం అని ఎందుకంటున్నానంటే, నా మనసులో ఉన్నది మా పొదుపు సంఘం. ముల్కనూర్ చుట్టుపక్కల ఊళ్లకు ఇది కొత్త సంగతి కాదు. 1956లో పెట్టిన ముల్కనూర్ సహకార సంఘం ఇక్కడి రైతుల ఇళ్లల్లో సగం మాటలకు కారణం. ఆడవాళ్లు పాలు పోసి నడుపుకునే డెయిరీ స్వకృషి ప్యాకెట్లు మా ఇంట్లోకే వస్తాయి. పొదుపు సంఘమూ అట్లాంటిదే. సర్కారుది కాదు, బ్యాంకుదీ కాదు. నెలనెలా మేం కట్టుకున్న పైసలే మాకు అప్పు. రూపాయి మిత్తి, అదీ తగ్గే అసలు మీద. ఏ పని కోసమని బర్రె ఫొటో అడగరు. పొదుపుకు మూడింతలదాకా ఇస్తారు. నా పాస్‌బుక్కులో 21,800 ఉంది, అంటే 65 వేలు సరిగ్గా వస్తుంది. నెలకు రెండున్నర వేల అసలు చొప్పున ఇరవై ఆరు నెలలు. మొదటి నెల 3,150, చివరి నెల 2,525. మిత్తి మొత్తం తొమ్మిది వేల లోపే.

ఒక్కటే చిక్కు. ఇద్దరు సభ్యులు జమానతు పెట్టాలి. నేను కట్టకపోతే వాళ్ల పొదుపులోంచి పట్టుకుంటారు. ఒక్కొక్కరు ఇద్దరికి మించి పెట్టరాదు. దాంతో ఊళ్లో ఖాళీగా ఉన్న సంతకాలు తక్కువ. పైసలు ఎక్కడైనా దొరుకుతాయి గానీ, ఖాళీ సంతకం దొరకదు.

ఒకటి తేలిగ్గానే అయింది. వెనక వాడ పెద్దవ్వ. డెబ్బై ఏళ్లుంటాయి. సంఘంలో చేరినప్పుడు వేలిముద్ర వేసేది, సంతకం నేర్చుకుంటేనే అప్పు అని ఎవరో ఆటపట్టిస్తే నిజమనుకుని నేర్చుకుంది. కాగితాన్ని పీట మీద పెట్టి, దుమ్ము లేకున్నా అరచేత్తో తుడిచి, పెన్నును బొడ్డుకత్తి పట్టినట్టు పట్టుకుంది. మొదటి అక్షరం రాసి ఆగింది. నాలుక బయట పెట్టి రెండోది. కొమ్ము మర్చిపోయి, నన్ను చూడకుండానే మళ్లీ వెనక్కి వచ్చి పెట్టింది. పేరు పూర్తయ్యేసరికి ఆమె పొయ్యి మీద ఎసరు మరిగి మూత ఎగురుతోంది. "65 వేలు అంటే ఎన్ని సున్నలే?" అంది లేస్తూ. మూడని చెప్పాను. "తక్కువే" అంది.

రెండో సంతకానికి నాలుగిళ్లు తిరిగాను. ఒకామెకు ఇద్దరికి పెట్టడం అయిపోయింది. ఒకామె కూతురి దగ్గరికి కరీంనగర్ పోయింది. ఒకామె, "మా ఆయన్ను అడిగి చెప్త" అంది. అంటే వద్దని. నాలుగో ఇల్లు తాళం. మధ్యాహ్నం రెండింటికి మిగిలింది మా ఇంటి గోడకు అవతల ఇల్లు. మా పెద్ద యారాలు, అంటే మా బావ భార్య.

ఇక్కడ ఒక సంగతి రాయకుండా దాటేద్దామనుకున్నాను. డైరీలో కూడా దాచుకుంటే ఇంకెక్కడ చెప్పుకోను? మూడేళ్ల కింద బోరు వేయించడానికి అక్క 40 వేలకు కాగితం పట్టుకుని నా దగ్గరికొచ్చింది. అప్పుడు గోడ పంచాయితీ నడుస్తోంది. "నేను ఇద్దరికి పెట్టిన అక్కా, మూడోది రాదు" అన్నాను. పెట్టింది ఒక్కరికే. ఆమె ఒక్క మాట అనకుండా వెళ్లిపోయింది. బోరు వేయించుకుంది. పైసలు ఎక్కడివో నేను అడగలేదు, అడిగే ముఖం లేదు. తర్వాత మా ఆయన నోటి నుంచే తెలిసింది, రెండు రూపాయల మిత్తి అని.

ఇవాళ పోయేసరికి అక్క వరండాలో కూర్చుని చింతపండు కొడుతోంది. రాయి మీద కాయ పెట్టి, సుత్తితో ఒక్క దెబ్బ, గింజ అటు, పండు ఇటు. "రాత్రి పెంకలు పోయినయట గదా" అంది, తల ఎత్తకుండా. అవునన్నాను. మామిడికాయ ఈసారి పుల్లగా లేదని మాట్లాడుకున్నాం. వాళ్ల చిన్నోడి పాలిటెక్నిక్ సీటు గురించి మాట్లాడుకున్నాం. నేను కూడా నాలుగు కాయలు ఒలిచాను. అసలు మాట మాత్రం గొంతు దాటడం లేదు.

"కాయితం తెచ్చినవా?" అంది ఆమే.

"ఇంట్లో ఉందక్కా."

"తే పో. చేతులు కడుక్కుంట."

పరుగెత్తి తెచ్చాను. చేతులు కడుక్కుంది గానీ, చింతపండు అంత తొందరగా వదులుతుందా? కాగితం మూలకు గోధుమరంగు మరక పడింది. పెద్దవ్వ సంతకం పక్కనే గిరగిర రాసేసింది, అక్క పదో తరగతిదాకా చదువుకుంది. పెన్ను తిరిగి ఇస్తూ అడిగింది:

"నువ్విప్పుడు ఎంతమందికి పెట్టినవే జమానతు?"

"ఒక్కరికే అక్కా."

"ఆహా" అంది. మళ్లీ సుత్తి అందుకుంది.

ఆ ఒక్కరు అప్పుడూ ఆ ఒక్కరే అని ఆమెకు తెలుసు. ఎప్పట్నుంచి తెలుసో మాత్రం నాకు తెలియదు. నేను ఇంకో ఐదు నిమిషాలు అక్కడే నిలబడ్డాను, ఏదైనా అంటుందేమోనని. అనలేదు. అన్నా బాగుండేది.

నాలుగింటికి సంఘం ఆఫీసులో కాగితం ఇచ్చాను. గణకురాలు పాస్‌బుక్కులు మూడూ చూసి, మరక మీద వేలు పెట్టి, "ఇదేంది?" అంది. చింతపండు అన్నాను. రిజిస్టరులో నంబరు వేసుకుంది. జూన్ 5న మీటింగు, ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే అదే సాయంత్రం ఇస్తారట. వెల్డింగాయనకు ఫోన్ చేస్తే ఆరో తారీఖు పైపులు దింపుతానన్నాడు. మా ఆయనకు చెబితే, "వదిన పెట్టిందా?" అని రెండుసార్లు అడిగాడు.

చీకటి పడుతుండగా మళ్లీ గాలి. బావ నిచ్చెన వేసుకుని వచ్చాడు. ట్రాక్టరు మీద కప్పే పరదా తెచ్చి, వంటింటి మీద పరిచి, నాలుగు మూలలా తాళ్లు బిగించి, మా ఆయనతో కూడా పెద్దగా మాట్లాడకుండా దిగిపోయాడు. "వదిన పంపించిందా?" అని మా ఆయన అడిగితే, "మీ పరదా చిరిగిందట గదా" అన్నాడు.

ఇప్పుడు తొమ్మిదిన్నర. యూనిఫాం తాన్లు మంచం మీద పొడిగానే ఉన్నాయి. గాలి కొట్టినప్పుడల్లా పరదా మడతల్లో ఇరుక్కున్న వడ్లగింజలు టపటపా వంటింట్లో రాలుతున్నాయి. పొద్దున్నే ఊడ్చుకోవాలి.